ఫైలు మారితే

పదకొండో పేజీని ఎవరో మళ్ళీ సేవ్ చేశారు. ఆయన వేలైనా కదపకుండానే అచ్చుకు వెళ్ళే కాపీ తయారైపోయింది. ప్రెస్సులో పేజీలు పేర్చి పేర్చి ఆయనకు ఇరవై ఆరేళ్ళలో మిగిలింది వంగిన మెడ, మసకబారిన చూపు, కంప్యూటరు తనంతట తానే పని చేసేలా సొంతంగా రాసుకున్న ఓ చిన్న షెల్ స్క్రిప్టు. గుమ్మంలో కుక్కలా అది ఫోల్డరును కాపలా కాస్తుంది; ఫైలు మారగానే చెప్పిన పని చేస్తుంది.

“ఇక మీరు కుర్చీలో బొమ్మలా కూర్చుంటే చాలన్నమాట,” అంది ప్రూఫులు దిద్దే ఆవిడ.

“మెల్లగా అనండి. ఓనరు వింటే బొమ్మకు జీతమెందుకంటాడు,” అన్నాడు.

అదే స్క్రిప్టును ఆయన ఇంటికోసం కూడా నడుపుతున్నాడు. పక్షవాతంతో భార్యకు మాట పడిపోయి రెండేళ్ళయింది. మంచం పక్కనున్న కంప్యూటరులో ఆమె ఎడమచేత్తో అక్షరాలు వెతుక్కుని రాసి సేవ్ చేస్తే, ఇక్కడ ప్రెస్సులో గంట మోగి ఆ మాట కనబడుతుంది. నోట మాట పోయిందే గానీ దెప్పడం మానలేదు మహాతల్లి. పొద్దున వచ్చింది: “పక్కింటి పిల్లి పలకరించి పోయింది. మీకంటే నయం.” ఆయన పడీపడీ నవ్వుకున్నాడు.

ఒంటిగంటన్నరకు “భోజనం అయింది, పక్కింటావిడ వెళ్ళింది” అని వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. మూడింటికి ఆయన మనసెందుకో పీకింది. స్క్రిప్టు ఆగిపోయిందేమోనని చూశాడు. నడుస్తూనే ఉంది. హమ్మయ్య అనుకున్నాడు. పనిముట్టు బాగుంటే మనిషీ బాగున్నట్టే అనుకోవడం ఆ పనిలో ఉన్నవాళ్ళకు పట్టే పిచ్చి. కునుకు తీస్తోంది కాబోలనుకుని పన్నెండో పేజీ తెరిచాడు.

ఐదున్నరకు ఇంటికి వెళ్ళేసరికి ఆమె తల దిండు మీంచి పక్కకు జారి ఉంది.

“ఏమోయ్,” అన్నాడు.

చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. ఆయన మంచం పక్కనే కూలబడి, ఆ చెయ్యి వదలకుండా వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుపు విని పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది.

“ఎవరికి ఫోన్ చెయ్యాలి, అన్నయ్యా?”

భార్య తమ్ముడి నంబరు కోసం ఆయన కంప్యూటరు వైపు తిరిగాడు. తెర మీద ఆమె ఫైలు తెరిచే ఉంది. భోజనం మాట కింద ఇంకో వాక్యం ఉంది. రాసింది గానీ, సేవ్ చేసే ఓపిక చాలలేదు. సేవ్ కాకపోతే ఫైలు మారినట్టు కాదు. మారని ఫైలుకు గంట మోగదు. ఆ స్క్రిప్టు రాసింది తనే. ఎక్కడికీ చేరని ఆ మాటలు తెర మీద అలాగే ఉన్నాయి: “ఏమండీ, ఒక్కసారి రండి.”