పొత్తు కాడి

యెషాలెంకు ఒక ఎద్దు ఉంది. అస్మరెకు ఒక ఎద్దు ఉంది. ఒంటెద్దుతో నేల దున్నలేరు కాబట్టి, యెషాలెం భర్త ములాత్ బతికున్న రోజుల్లోనే ఆ రెండిళ్ళవాళ్ళూ కాడి కలిపారు. ఒకరోజు ఈ పొలం, ఒకరోజు ఆ పొలం. ఎడ్లు ఒక వారం ఈ దొడ్లో, ఒక వారం ఆ దొడ్లో. గొజ్జాం కొండల మీద సగం ఊళ్ళు ఇలాగే నెట్టుకొస్తాయి, ఇందులో చెప్పుకోవాల్సిందేమీ లేదు.

చెప్పుకోవాల్సింది ములాత్ పోయాక జరిగింది. పదకొండేళ్ళ కిందట తొలి దుక్కి దున్నుతూ అతను చాల్లోనే కూలిపోయాడు. అక్కడ ఆడది మేడి పట్టదు. పొత్తంటే ఎద్దుకు ఎద్దు, మనిషికి మనిషి. యెషాలెం దగ్గర ఎద్దయితే ఉంది గాని మనిషి లేడు. ఆ ఏడు పొత్తు తెంచుకుని వేరే ఒంటెద్దువాణ్ణి చూసుకున్నా అస్మరెను ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు. కానీ నలభయ్యో రోజు ప్రార్థనలయిన మర్నాడే అతను ఎడ్లను తోలుకొచ్చి, ఎవరితోనూ ఒక్క మాటైనా అనకుండా ఆమె చేలోకి దిగాడు. అప్పట్నుంచీ రెండు పొలాలూ అతనే దున్నుతున్నాడు. పెళ్ళయి వేరే ఊరు వెళ్ళిపోయిన యెషాలెం కూతురికి జ్ఞానస్నానం నాడు ఎత్తుకున్న పెద్దమనిషి కూడా అతనే. భార్య పోయి చాలాకాలమైంది, ఒంటరిగా చెయ్యి కాల్చుకుంటూ బతుకుతున్నాడు. ఇంత మంచివాడికి కాస్త మెత్తటి మాట కూడా వచ్చి ఉంటే ఎంత బాగుండేదో! మాట్లాడితే గొణుగుడు, లేకపోతే మౌనం.

ఇప్పుడతనికి అరవై దాటాయి. అతను దున్నుతుంటే వెనకాలే నడుస్తూ మట్టిగడ్డలు పగలగొట్టడం యెషాలెం పని. వెనక నడిచే మనిషికి ముందు నడిచే మనిషి గురించి అన్నీ తెలుస్తాయి. ఈ ఏడు అతను ప్రతి చాలు చివరా ఆగి కాడి తాడు బిగిస్తున్నాడు. తాడు వదులుగా ఏమీ లేదు. ఒకనాడైతే మేడి పట్టుకునే మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"ఏంటి గాషె?" అంది యెషాలెం. పెద్దవాణ్ణి ఆ ఊళ్ళో అలాగే పిలుస్తారు.

"రాయి. నాగలికి తగిలింది. తీసేద్దామని."

చాల్లో రాయి లేదు. ఆమె లేని రాయి కోసం అతనితోపాటు కాసేపు వెతికింది. ఆ రోజు ఇంటికి వెళ్ళాక ఆమెకు అన్నం సహించలేదు.

ఆ వారంలోనే పట్నం నుంచి ఒక కంపెనీ తరఫున ఫికిర్తె అనే అమ్మాయి కారులో పవర్ టిల్లరు వేసుకుని ఊళ్ళోకి వచ్చింది. పంచాయితీ గది ముందు జనాన్ని కూర్చోబెట్టి విషయం చెప్పింది. యంత్రం కంపెనీయే కొనిస్తుంది. ధరలో ఐదో వంతు రైతు ముందు కట్టాలి. మిగతాది మూడేళ్ళు పంట చేతికొచ్చినప్పుడల్లా కట్టుకోవచ్చు. అంతా తీరేదాకా యంత్రం కంపెనీది, తీరాక రైతుది. తన పొలం అయ్యాక పక్కవాళ్ళ పొలాలు కూలికి దున్ని ఆ డబ్బుతోనే కట్టుకోవచ్చు. ఐదో వంతంటే మంచి ఎడ్ల జత ధర. ఆ మాట వినగానే సగం మంది గబీ దుప్పట్లు దులుపుకుని లేచి వెళ్ళిపోయారు. యెషాలెం వెళ్ళలేదు. దగ్గరికి వెళ్ళి ఆ యంత్రం పిడులు పట్టుకు చూసింది.

"ఇది ఆడాళ్ళు తోలచ్చా అమ్మా?"

"చేతులుంటే చాలు. ముందు సొమ్ముకి మీ దగ్గరేముంది?"

"ఎడ్లున్నాయి."

"ఎన్ని?"

"జత."

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. చెప్పుల్ని ఎవరూ ఒంటిగా లెక్కపెట్టనట్టే ఆ ఊళ్ళో ఎడ్లను ఎవరూ ఒంటిగా లెక్కపెట్టరు. ఫికిర్తె రాసుకుంది, యెషాలెం వేలిముద్ర వేసింది. ఇంటిదారి పట్టి వాగు దాటాక గాని తనేం చేసిందో ఆమెకు తట్టలేదు. వెనక్కి పరుగెత్తింది గాని అప్పటికే కారు వెళ్ళిపోయింది.

అస్మరెకు చెప్పేస్తే సరిపోయేది. రోజూ చెబుదామనే చేలోకి వెళ్ళేది. కానీ ఏమని చెబుతుంది? నువ్వు ముసలాడివయ్యావు, ఇక నీ వల్ల కాదు అనా? పదకొండేళ్ళు తన కడుపు నింపిన చేతులు చూసి ఆ మాట ఎలా అంటుంది? ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి అనుకుంటూ పది రోజులు నానబెట్టింది. పదకొండో రోజు ఫికిర్తె ఎడ్లను చూసుకోవడానికి వచ్చేసింది. అప్పుడు అస్మరె యెషాలెం పొలమే దున్నుతున్నాడు.

"అమ్మబోయే ఎడ్లు ఇవేనా యెషాలెం గారూ?" అంది ఫికిర్తె గట్టు మీద నుంచి.

అస్మరె కాడి ఆపాడు. "అమ్మడమేంటి?"

"ముందు సొమ్ముకి జత అమ్ముతానని రాయించారండీ. మీరు ఈయనకి చెప్పలేదా?"

అస్మరె యెషాలెం వైపు చూశాడు. ఆమె తల పైకెత్తలేదు.

"ఆ నామం ఎద్దు, బోరా, ఆమెది," అన్నాడు అస్మరె. "బూడిదరంగుది నాది. దాలెచా."

ఫికిర్తె కాగితాలు ఒకసారి చూసింది, ఎడ్లను ఒకసారి చూసింది. అస్మరె దాలెచా మెడ నుంచి కాడి తప్పించి, పలుపు పట్టుకుని, సగం దున్నిన చేలోంచి ఇంటికి నడిపించుకుపోయాడు. బోరా సగం కాడి మెడ మీద వేసుకుని అటే చూస్తూ అరిచింది. యెషాలెం కూడా అరవాలనుకుంది.

"లేని ఎద్దును చూపించినవాళ్ళని చాలామందిని చూశానండీ," అంది ఫికిర్తె. "అవతలివాడి ఎద్దును అతని చేతే తోలిస్తూ చూపించినవాళ్ళని మాత్రం ఇవాళే చూశా. మూడు వారాలు ఆగుతాను. ఆ తర్వాత మీ దరఖాస్తు కొట్టేస్తాను, ఏమీ అనుకోకండి."

తొమ్మిది రోజులు గడిచాయి. అస్మరె ఆ వైపు తొంగి చూడలేదు. రెండు పొలాలూ సగం సగం దుక్కితో పడి ఉన్నాయి, ఎందుకంటే ఒంటెద్దుతో అతనూ ఏమీ చెయ్యలేడు. ఊరికి ఇంతకంటే కావలసిందేముంది? ఉపవాసాల నెలలు, నెయ్యీ మాంసమూ లేక నోళ్ళు చప్పబడి ఉన్నాయి. యెషాలెం అస్మరె ఎద్దును అమ్మేసిందని ఒకరు, ఇల్లు కూడా రాయించేసుకుందని ఇంకొకరు కథలు అల్లారు. వుబాంతె అనే పొరుగువాడైతే తన ఇంటి కోడిని ఎవరైనా కంపెనీకి రాయించారేమో చూసుకొస్తానని రచ్చలో నవ్వించాడట.

పదో రోజు ఆదివారం. యెషాలెం చర్చి నుంచి నేరుగా అస్మరె ఇంటికి వెళ్ళింది. అతను వాకిట్లో కూర్చుని దాలెచాకు గడ్డి వేస్తున్నాడు. ఆమెను చూసి ముఖం తిప్పుకున్నాడు.

"కాఫీ కాస్తాను," అంది.

"పాలూ చక్కెరా పోసి నన్ను కూడా అమ్ముతావా?"

"ఉపవాసంలో పాలెక్కడివి గాషె?"

అతనికి నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. "ఎద్దు నీదనుకున్నావా?"

"మనదనుకున్నా. నోట్లోంచి జత అని వచ్చేసింది. తప్పే. కొట్టు కావాలంటే."

"అమ్మాలని ఎందుకు బుద్ధి పుట్టింది? నిన్నేమైనా పస్తు పెట్టానా? ఒక్క ఏడైనా నీ చేను బీడు పెట్టానా?"

"పెట్టలేదు."

"మరి?"

యెషాలెం ఇంక ఆగలేకపోయింది. "చాల్లో రాయి లేదు గాషె! నువ్వు పడిపోయావు. ప్రతి చాలుకీ తాడు బిగించే నెపంతో ఊపిరి పీల్చుకుంటున్నావు. నీ వెనకాల నడిచేది నేనే కదా, నాకు తెలీదా? ములాత్ కూడా ఇలాగే రెండు నెలలు నా దగ్గర దాచాడు. అతను పడినప్పుడు ఎత్తింది నువ్వు. నువ్వు పడితే నేను ఎత్తలేను. నా చేతుల్లో అంత బలం లేదు. ఇంకో మనిషిని ఆ చాల్లోంచి మోసుకుపోవడం చూసే బలం అసలే లేదు." ఇలా అని అక్కడే గడ్డి మీద కూర్చుని ఏడ్చింది.

అస్మరె చాలాసేపు గడ్డిపోచలు సర్దాడు. ఆడవాళ్ళు ఏడుస్తుంటే ఏం చెయ్యాలో అతనికి ఏనాడూ తెలియలేదు.

"ముసలాడివైపోయావని నా ముఖం మీదే చెప్పొచ్చు కదా," అన్నాడు చివరికి.

"నువ్వు ఊరుకునేవాడివా?"

"ఊరుకునేవాణ్ణి కాదు." ముఖం అటు తిప్పుకునే అన్నాడు. "నాకూ భయంగానే ఉంది యెషీ. పోతానని కాదు. నేను పోతే నీ చేను ఎవడు దున్నుతాడా అని. రాత్రిళ్ళు అదే ఆలోచన. మోకాళ్ళు నొప్పని చెబితే నువ్వు వద్దంటావు. వద్దంటే రెండు చేలూ పోతాయి. అందుకని చెప్పలేదు."

ఒకరి కోసం ఒకరు నోరు మూసుకుని ఇద్దరూ ఇన్నాళ్ళు కుమిలిపోయారన్నమాట! యెషాలెంకు అతని మీద జాలి, కోపం, ప్రేమ ఒకేసారి పొంగుకొచ్చాయి. లేచి కాఫీ గింజలు వేయించింది. ఆ ఊళ్ళో కాఫీ అంటే మూడు దఫాలు, మూడూ తాగేదాకా ఇద్దరూ కూర్చున్నారు. మూడో దఫాలో అస్మరె అన్నాడు: "అమ్మితే రెండూ కలిపే అమ్మాలి. విడదీసి అమ్మితే నేనొప్పుకోను."

శనివారం సంతకు ఇద్దరూ ఎడ్లను తోలుకెళ్ళారు. ఉపవాసాలు విడిచే ఫసికా పండగ దగ్గరపడింది, పట్నం నుంచి మాంసం బేరగాళ్ళు లారీలేసుకుని దిగారు. ఒకడు బోరా వీపు చరిచి, దాలెచా డొక్క నొక్కి, మంచి ధరే చెప్పాడు. ఆ ధరకు అమ్మితే ముందు సొమ్ము పోగా ఏడాదికి సరిపడా డీజిలు వస్తుంది. అస్మరె వాడి చెయ్యి తీసి పక్కన పెట్టాడు.

"దున్నేవాడికే ఇస్తాం."

"పిచ్చివాడివా ముసలాయనా? అవి కూడా నీలాగే అరిగిపోయాయి!"

"అందుకే చెప్పేది, అరిగినవాళ్ళ విలువ నీకేం తెలుస్తుంది?"

మధ్యాహ్నం దాటాక నది అవతలి ఊరి రైతొకడు వచ్చాడు. నిరుడు రోగమొచ్చి తన ఎడ్లు పోయాయట. బేరగాడికన్నా బాగా తక్కువ ఇచ్చాడు, సరిగ్గా ముందు సొమ్ముకు సరిపోయింది. డీజిలుకు ఒక్క బిర్రు కూడా మిగల్లేదు. జత కలిసే నడుచుకుంటూ వంతెన దాటిపోతుంటే అస్మరె చూడలేక ఉప్పు అంగడి వైపు తిరిగి నిలబడ్డాడు. చూసింది యెషాలెమే. కనబడేదాకా చూసి, "కలిసే వెళ్ళాయి" అని అతనికి చెప్పింది.

కంపెనీ గదిలో ఫికిర్తె కొత్త కాగితం రాసింది. యంత్రం యెషాలెం పేరున, హామీ అస్మరెది, దుక్కి రెండు పొలాలకూ. "ఈయన మీకేమవుతారు?" అని అడిగింది. ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. అన్న కాదు, తండ్రి కాదు, మరిది కాదు. అంతా విని ఫికిర్తె 'పొరుగువారు' అని రాసింది. అది ఇద్దరికీ నచ్చలేదు గాని వేలిముద్రలు వేసేశారు.

వారం రోజులు నేర్చుకుంది యెషాలెం. మొదటి రోజు యంత్రమే ఆమెను లాక్కుపోయి కంచెలో పడేసింది. మోచేతులు దోక్కుపోయాయి. ఆడది మేడి పట్టడమేమిటని అడుగుదామని ఒకరిద్దరు పెద్దలు వచ్చారు. కానీ ఆ యంత్రానికి మేడే లేదు. పైగా వాళ్ళ పొలాలు కూడా దున్నాల్సి ఉన్నాయి. కూలి ఎంతో కనుక్కుని, డీజిలుకు ముందే కొంత ఇచ్చి వెళ్ళారు.

సొంత చేలో దుక్కి మొదలుపెట్టిన రోజు మధ్యాహ్నం ఊళ్ళో ఒక వింత జరిగింది. పొలంలో ఉన్నవాడికి అన్నం మోసుకుపోవడం ఇంట్లో ఆడవాళ్ళ పని. ఏ మగాడూ ఆ గంప ముట్టడు. ఆ గంప పట్టుకుని అస్మరె నడివీధిలో నడుచుకుంటూ వచ్చాడు. వుబాంతె గడపలోంచే కేకేశాడు.

"ఏం గాషె, కొత్త కోడలిగా ఏ ఇంటికొచ్చావు?"

"దున్నేవాళ్ళకి అన్నం పట్టుకెళ్తున్నా. నువ్వు దున్నిన రోజున నీకూ తెస్తాలే, ఇప్పటిదాకా ఆ అవసరం పడలేదు!"

వీధంతా నవ్వింది. వుబాంతె పెళ్ళాం అందరికంటే గట్టిగా నవ్వింది.

యెషాలెం యంత్రం ఆపి గంప విప్పింది. అస్మరె పోసిన ఇంజెరా రొట్టె అంచులు ఎండి అప్పడంలా విరిగింది. శనగపిండి కూర మాడింది. అలాంటి వంట ఆమె తన జన్మలో తినలేదు. ఒక్క ముక్క కూడా మిగల్చకుండా తిని, చేతులు కడుక్కోవడానికని అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది గాషె. రేపు కూడా నువ్వే తే."

ఆమె మళ్ళీ యంత్రం నడిపింది. నాలుగు చాళ్ళు తిరిగి వచ్చేసరికి అస్మరె గట్టు మీద గబీ ముసుగేసుకుని నిద్రపోతున్నాడు. దుక్కుల కాలంలో, నడి మధ్యాహ్నం, అతను నడుం వాల్చడం ఆమె ఎన్నడూ చూడలేదు. మోకాళ్ళు చాపుకుని పసివాడిలా పడుకున్నాడు. పడమట మబ్బు పడుతోంది, ఇంకా సగం చేను మిగిలి ఉంది. అయినా నిద్ర చెడగొట్టడం ఇష్టంలేక ఆమె ఇంజను ఆపేసి నిలబడింది.

ముసుగులోంచి గొణుగుడు వినిపించింది. "ఆపావేంటి? ఏమైంది?"

"ఏం కాలేదు. నీకు నిద్ర పడుతుందని."

"ఆ చప్పుడు ఉంటేనే పడుతోంది. తోలు."

యెషాలెం ఇంజను వేసి రెండో సగం మొదలుపెట్టింది.