ఎర్ర పెన్సిలు

కోడలు సత్యప్రియ బయట చేరే రోజులకు వంటింటి క్యాలెండర్‌లో ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టడం అంబుజానికి ఏళ్ల నాటి అలవాటు. ఆ మూడు రోజులూ పూజ గది వైపు పోకూడదు. వంట మాత్రం చేయాలి. అందరికీ ఆకలేస్తుంది కదా, అక్కడ దేవుడు సర్దుకుంటాడు. మిగతా రోజుల్లోనూ పాశురాల పుస్తకం ముట్టనివ్వదు, పాశురం పలకనివ్వదు. "ఆస్పత్రిలో చీమూ నెత్తురూ తాకే చెయ్యి. ఆ తీట్టు, ఆ మైల ఇంటికి తేవద్దు" అంటుంది.

ఆ ఆస్పత్రిలోనే సత్యప్రియ నర్సు. ఆపరేషన్‌కు పోయే మనిషి వణుకుతుంటే పక్కన నిలబడి, "ప్రార్థన చెప్పేదా?" అని అడుగుతుంది. సరేనంటే వాళ్ల దేవుడికే చెబుతుంది. సేత్తూరు రైతుకు పాశురం, తళవాయిపురం టీచరమ్మకు బైబిలు వాక్యం. అక్కడ ఆ నోటిని ఎవరూ మైల అనలేదు. ఇంటికొస్తే అదే నోరు మూతపడేది. పదకొండేళ్లుగా అది ఆమెకు కడుపుమంట.

ఈ పొద్దున పిత్తాశయంలో రాళ్లు తీయించుకోవడానికి అంబుజమే స్ట్రెచర్ మీద పడుకుంది. చిన్నప్పటి నుంచీ నోట నానిన పాశురం రెండో పాదంలోనే ఆగిపోయింది.

"అయ్యో, మరిచిపోయినానే" అని ఏడ్చింది.

సత్యప్రియ అందరినీ అడిగినట్టే అడిగింది. "అత్తా, నేను చెప్పేదా?"

"చెప్పమ్మా."

"ఈ పొద్దు నాకు రెండో దినం. మీరే సున్నా చుట్టినారు."

దాచితే ఎవరికీ తెలిసేది కాదు. కానీ దొంగతనంగా దేవుణ్ణి తలవడం ఇక ఆమెకు ఇష్టం లేదు. అంబుజం కళ్లు మూసుకుంది. వద్దంటుందేమో అనుకుంది సత్యప్రియ. ఇంట్లో కూడా చెప్పనిస్తేనే ఇక్కడ చెబుతానని అనేయమంది మనసు. భయపడే మనిషితో బేరమా? ఆ షరతు పెట్టకుండా అత్త పక్కకు వంగింది.

అంబుజం ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తీట్టూ లేదు, ఒకటీ లేదు. నువ్వు చెప్పు."

థియేటర్ తలుపు దాకా గొంతెత్తి చెప్పింది సత్యప్రియ. తలుపు మూసుకున్నాక గోడకానుకుని హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. సాయంత్రం ఇంటికి రాగానే సత్యప్రియ ఎర్ర పెన్సిలు తీసి కూతురు జనని రంగుల డబ్బాలో వేసింది. కాళ్లు కడుక్కుని పూజ గదిలో దీపం వెలిగించింది.

సోఫాలోంచి మొగుడు కన్నన్ లేచినాడు. "ఏయ్, క్యాలెండర్ చూసినావా? అమ్మకు తెలిస్తే?"

"తెలుసు. తెలిసే, నా నోట పాశురం విని థియేటర్ లోపలికి పోయినారు."