ఎల్బియో ఆడి చూశాడు

గోడ దాకా పరుగెత్తించి, దూకవలసిన చోట దూకించకుండా, ఎల్బియో కంప్యూటరు ఆటలోని ఆ పిల్లిని మళ్ళీ కావాలనే గోతిలో పడేశాడు. పడ్డ ప్రతిసారీ తెర నల్లబడి, వెకిలిగా ఒక బూర మోగి, ఆట మొదటికి వస్తోంది. ఓడినవాడి చెవికి ఆ బూర ఎప్పటి నుంచి చిరాకు పుట్టిస్తుందో అతనికి తెలియాలి. అందుకే బాగా ఆడడం వచ్చినా ఆడటం లేదు. పొద్దున కాచుకున్న మాతే టీ చల్లారిపోయింది. కిటికీ అవతల మోంతెవిదేయో నగరం మీద ముసురు పట్టింది.

చివరికి పిల్లిని గోడ దూకించి, అవతల మేడ మీద వదిలిపెట్టి లేచాడు. పనిముట్ల సంచీని కుడి భుజానికి తగిలించుకున్నాడు. ఏళ్ళ తరబడి ఆ సంచీ మోసి ఆ భుజం రెండోదాని కంటే కిందికి జారిపోయింది. పొట్టిగా, లావుగా ఉండే వేళ్ళు. ఎంత సబ్బు పెట్టి తోమినా గోళ్ళ అంచుల్లో గ్రీజు నలుపు పోదు. నెరిసిన మీసాన్ని మాత్రం శ్రద్ధగా కత్తిరించుకుంటాడు. మోచేతుల దగ్గర అతుకులు వేసిన స్వెటరు. వీధిలో పక్కనుంచి వెళ్తే ఎవరూ తల తిప్పి చూడని మనిషి.

ఎల్బియో లిఫ్టులు బాగుచేస్తాడు. శనివారం ఒంటిపూట పని. ఆ రోజు పాసో మొలీనో పేటలో ఒక పాత మేడ. లిఫ్టు చెడిపోయింది కాబట్టి పై అంతస్తు దాకా నడిచే ఎక్కాలి. మధ్యలో ఒకచోట ఆగి, రెయిలింగు పట్టుకుని, ఊపిరి అందాక మళ్ళీ ఎక్కాడు. బాగుచేశాక లోపల నిలబడి కళ్ళు మూసుకుని పైకీ కిందికీ తిరిగాడు. ఆగినట్టు మోకాళ్ళకు తెలియకుండా ఆగితేనే అతని లెక్కలో లిఫ్టు బాగుపడినట్టు. రెండోసారి తెలిసింది. మళ్ళీ మరలు బిగించాడు.

మధ్యాహ్నానికి ముసురు వానగా మారింది. ఎల్బియో బస్సెక్కి బోచా క్లబ్బుకు వెళ్ళాడు. కింద ముసలివాళ్ళు చెక్కబంతులు దొర్లించుకుంటూ ఆడుకుంటారు. మేడ మీద గది నెలకొక శనివారం ఆటలు తయారుచేసేవాళ్ళది. బస్సు డ్రైవరు వాల్దెమార్, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే మాయితే, బడిలో భూగోళం చెప్పే ఒకాయన, ఇంకా అలాంటివాళ్ళు కొందరు. పగలంతా వేరే పనులు చేసుకుని, మిగిలిన కాస్త సమయంలో ఒంటిచేత్తో చిన్న చిన్న కంప్యూటరు ఆటలు అల్లుతారు. ఒకరి ఆట ఒకరు ఆడి చూసి, ఎలా ఉందో చెప్పుకోవడానికి అక్కడ కలుస్తారు.

ఎల్బియో కూడా ఒకప్పుడు ఒక ఆట చేశాడు. భార్య మిర్తా విడిపోయి వెళ్ళాక, ఖాళీ ఇంట్లో కూర్చుని రెండేళ్ళు చేశాడు. దీపస్తంభంలో ఉండే ఒక కాపలాదారు కథ అది. స్నేహితులంతా ఆడి "బాగుంది, బాగుంది" అని భుజం తట్టారు. బయటికి వదిలాక ముక్కూమొహం తెలియని ఎవరో రెండు ముక్కలు రాశారు: "రెండో తలుపు దగ్గర మనిషి ఇరుక్కుపోతున్నాడు. విసుగొచ్చి మానేశాను." అడిగితే స్నేహితులు తలలు వంచుకున్నారు. వాళ్ళందరూ అక్కడ ఇరుక్కున్నవాళ్ళే. ఎల్బియో మనసు నొప్పించడం ఇష్టంలేక ఎవరూ చెప్పలేదు. అతనికి వాళ్ళ మీద కోపం రాలేదు. కానీ అప్పటి నుంచి ఎవరు ఏ ఆట చేతికిచ్చినా చివరిదాకా ఆడాడు. ఆడాక చూసింది చూసినట్టు చెప్పాడు. చెప్పడానికి ముందు చాలాసేపు ఆలోచించేవాడు.

క్లబ్బు వంటగదిలో దోన్యా చేలా నూనెలో తోర్తా రొట్టెలు వేయిస్తోంది. వాన పడిందంటే ఆమె బాణలి పొయ్యి మీదికి ఎక్కవలసిందే. 

"ఏంటయ్యా, నీ మొహం గోడకి కొట్టిన సున్నంలా ఉంది? డాక్టరుకి చూపించుకోమని ఎన్నిసార్లు చెప్పాలి?" అంది.

"నీ క్లబ్బుకి మెట్లెక్కువ చేలా. లిఫ్టు పెట్టించు, నేనే బిగిస్తా," అన్నాడు ఎల్బియో. 

పైన మాయితే నిలబడి ఉంది. క్లబ్బుకు అరువిచ్చిన తన స్క్రీను తీగలు ఊడదీసి చుట్టుకుంటోంది. పోయిన నెల ఆమె తన ఆట చూపించింది. డాబా మీద అమ్మమ్మ బట్టలు ఆరేసే ఆట. వాల్దెమార్ చూసి, "ఇది ఆటా ఇంటిపనా? తర్వాత అంట్లు కూడా తోమాలా?" అన్నాడు. గది గదంతా నవ్వింది. మాయితే కూడా నవ్వింది. ఆ తర్వాత ఎవరి ఫోనుకూ జవాబివ్వలేదు.

"స్క్రీను తీసుకెళ్దామని వచ్చాను," అంది ఎవరి వంకా చూడకుండా. 

"వానలో ఎక్కడికి తీసుకెళ్తావ్? తగ్గేదాకా కూర్చో. ఈలోగా నీ ఆట ఒకసారి పెట్టు," అన్నాడు ఎల్బియో. 

"తీసేశాను, దొన్ ఎల్బియో. ఇక చేయను." 

"నువ్వు తీసేస్తే మాత్రం? ఆ రోజు నాకిచ్చింది నా దగ్గరుంది," అని ఎల్బియో జేబులోంచి పెన్ డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాడు. "నెల రోజులుగా ఇదే ఆడుతున్నాను. ఆడినవాడు మాట్లాడకుండా పోతే బాగోదు కదమ్మాయ్." 

మాయితే చేతిలో తీగ చుట్ట అలాగే ఉండిపోయింది. కాసేపటికి మళ్ళీ విప్పి తగిలించింది.

ఎల్బియో ఆడుతుంటే గదిలో మాటలు వాటంతటవే తగ్గిపోయాయి. అతను తొందరపడడు. బుట్టలోంచి తడిబట్ట తీసి, దులిపి, తాడు మీద వేసి, క్లిప్పు పెట్టాడు. టక్. తాత చొక్కా, పిల్లల గౌను, అంచు చిరిగిన దుప్పటి. టక్. టక్. ఆకాశం మూలలో మబ్బు కమ్మింది. వాన పడింది. బట్టలు తడిసిపోయాయి, మార్కులు పోయాయి, ఆట అయిపోయింది. ఎల్బియో రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని కొంచెంసేపు కూర్చున్నాడు. 

"ముందు నువ్వు ముట్టుకోకూడనిది చెప్తాను. ఆ క్లిప్పు చప్పుడు. ఎక్కడ పట్టుకొచ్చావో గానీ, ఎవరేం చెప్పినా అది మార్చకు. నాకు నిజంగానే వేళ్ళ మధ్య క్లిప్పు ఉన్నట్టుంది." 

మాయితే తన వేళ్ళ వైపు చూసుకుంది. 

"ఇక నా చెయ్యి ఎక్కడ ఆగిందో చెప్తాను. పైన ఆ మార్కులున్నాయే, నేను చొక్కా చూడాలా, వాటిని చూడాలా? చివరికి వాటినే చూశాను. చొక్కా ఏ రంగో ఇప్పుడడిగితే చెప్పలేను." 

"మార్కులు లేకపోతే అసలు ఆటే కాదంటారు కొందరు," అంది మాయితే, వాల్దెమార్ ఉన్న మూలకేసి చూస్తూ. 

"అనేవాళ్ళు వాళ్ళ ఆటల్లో పెట్టుకుంటార్లే. ఇంకోటి, వాన మరీ తొందరగా వచ్చేస్తోంది. కాస్త ఆలస్యంగా రానివ్వు." 

"అది కావాలనే పెట్టాను," మాయితే గొంతు గట్టిపడింది. "వాన అలాగే వస్తుంది. మా అమ్మమ్మ బట్టలు ఆరేసి లోపలికొచ్చి, కుర్చీలో కూర్చుంది. అంతే. మళ్ళీ లేవలేదు. ఎవరికీ చెప్పి రాలేదు అది." 

ఎల్బియో మీసం మీద వేలితో రాసుకున్నాడు. 

"అది నాకు తెలీదు. అయితే నేను చెప్పింది తప్పు. వాన ఉన్నట్టుండే రావాలి," అన్నాడు. తర్వాత మెల్లగా, మాటకు మాట వెతుక్కుంటూ అన్నాడు: "కానీ చూడమ్మాయ్, పోయేదేంటో నేను కళ్ళారా చూడకముందే పోగొట్టేశావు. బట్టలన్నీ ఆరేశాక మనం ఒక్క నిమిషం నిలబడి చూసుకుంటాం కదా, అబ్బ, అయిపోయింది అని. ఆ నిమిషం నాకివ్వు. గాలికి నాలుగుసార్లు ఊగనివ్వు. ఆ తర్వాత వాన నీ ఇష్టం. ఇది నీ ఆట. నా మాట నచ్చకపోతే కింద ఆ బోచా బంతులతో పాటు దొర్లించెయ్." 

మాయితే ముందు ముక్కు ఎగబీల్చింది, తర్వాత నవ్వింది. 

"మరి నా పిల్లి సంగతేంటి, పెద్దాయనా?" అన్నాడు మూలలోంచి వాల్దెమార్, మాట మార్చడానికి. 

"దూకడం బంగారంలా ఉందిరా. నేలకి ఆనినప్పుడు తోక అలా ఊపుతుందే, దానికోసమే ఇంకోసారి దూకాలనిపిస్తుంది. ఆ బూర మాత్రం తీసెయ్. పడ్డవాణ్ణి చూసి నవ్వుతోంది అది." 

వాల్దెమార్ మెడ గోక్కున్నాడు. కిందికి వెళ్ళి వేడి తోర్తాల పళ్ళెంతో పైకి వచ్చి, ముందు మాయితే దగ్గర పెట్టాడు. 

"తిను. ఆ రోజు ఇంటిపని అన్నాను కదా. మా ఇంట్లో బట్టలు ఆరేసేది నేనే. మా ఆవిడ చేత రోజూ తిట్లు తింటాను, సరిగ్గా దులపలేదని. ఆ మంటతో అన్నాలే." 

"ఇప్పుడర్థమైంది. ఆటలో కూడా నువ్వు దులపకుండానే ఆరేశావు," అంది మాయితే. ఈసారి గది నవ్వితే ఆమె కళ్ళు కూడా నవ్వాయి. 

వెళ్ళేటప్పుడు ఆమె స్క్రీను తీసుకెళ్ళలేదు.

ఆదివారం పొద్దున్నుంచీ మాయితే కూర్చుని మార్కులు తీసేసింది. బట్టలన్నీ ఆరేశాక చేతులకు ఏ పనీ లేని ఒక నిమిషం పెట్టింది. గాలి పెట్టింది. ఆడేవాడు మళ్ళీ మీట ముట్టుకునేదాకా వాన రాదు, ముట్టుకుంటే ఉన్నట్టుండి వచ్చేస్తుంది. మధ్యాహ్నం భోజనాల వేళకు ఎల్బియోకు పంపించి, జవాబు కోసం చూసింది. సాయంత్రం దాకా రాలేదు. నిదానంగా చెప్పే మనిషి కదా అనుకుంది. 

సోమవారం ఎల్బియో పనికి రాలేదు. పక్కింటావిడ తలుపు తట్టి, చివరికి మారు తాళంచెవితో తీసి చూసింది. ఆదివారం మధ్యాహ్నమే గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. నొప్పి తెలిసి ఉండదట. కబురు విని చేలా పొయ్యి ఆర్పేసి, బాణలి ముందే చాలాసేపు నిలబడిపోయింది. 

తర్వాతి శనివారం క్లబ్బువాళ్ళందరూ అతని ఇంటికి వెళ్ళారు. దురాస్నో ఊరి నుంచి వచ్చిన అక్క నాయిర్ ఒక్కతే సామాను సర్దుకుంటోంది. తమ్ముడిలాగే పొట్టిగా, లావుగా ఉన్న వేళ్ళు. వీళ్ళెవరో ఆమెకు తెలియదు. 

"శనివారాలు బోచా ఆడ్డానికి వెళ్తాడనుకునేదాన్ని," అంది. "మీరంతా ఆటలు చేస్తారా? మరి మా వాడేం చేసేవాడు?" 

"మేం చేసినవి ఆడి చూసేవాడండీ. ఎక్కడ బాగాలేదో చెప్పేవాడు," అన్నాడు వాల్దెమార్. 

"తప్పులు పట్టేవాడా?" ఆమె కొంచెం నొచ్చుకుంది. 

"లేదమ్మా. ఆయన చెప్పాక ఇంటికెళ్ళి ఇంకా చేయాలనిపించేది," అంది మాయితే. 

నాయిర్ తల ఊపింది. "నేనొచ్చేసరికి కంప్యూటరు ఆన్‌లోనే ఉంది. తెర మీద తాడు నిండా బట్టలు, గాలికి ఊగుతున్నాయి. ఎవరిదో ఏమో, చూస్తే మా అమ్మ డాబా గుర్తొచ్చింది. ఆర్పబుద్ధి కాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను." 

మాయితే కిటికీ వైపు తిరిగింది. వాల్దెమార్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. 

"ఒక్కటి మాత్రం నాకర్థం కావట్లేదు," అంది నాయిర్, గదిలోకి చూపిస్తూ. "ఒంటరిగా బతికాడు. చుట్టాలెవరూ రారు. మరి కంప్యూటరు ముందు రెండు కుర్చీలెందుకు?" 

"అది నాది," అనబోయి మాయితే ఆగింది. తన మొదటి ఆట చేసిన రోజుల్లో ఎన్నో ఆదివారాలు ఆమె ఆ కుర్చీలో కూర్చుంది. ఎల్బియో తననొక్కదాన్నే పిలిచాడనుకుంది. ఈలోగా వాల్దెమార్ గొంతు సవరించుకున్నాడు. "నేను కూర్చునేవాణ్ణండీ. పిల్లికి దూకడం రానప్పుడు." వెనక నుంచి భూగోళం మాస్టారు, "నేను కూడా," అన్నాడు. తలుపు దగ్గరున్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే తలలు ఊపారు. 

నాయిర్ వాళ్ళనందరినీ చూసి, మళ్ళీ కుర్చీల వైపు చూసింది. ఎల్బియో కూర్చునే కుర్చీ కాస్త అరిగింది, అంతే. దాని పక్కనున్న కుర్చీ సీటు మాత్రం మధ్యలో బాగా కుంగిపోయి, నార బయటపడి, తెర వైపుకి కొంచెం తిరిగి ఉంది.