మీసాల్లేని ఐదు పిల్లలు

మంగళగిరి శివారులోని మందుల పరిశోధనా కేంద్రంలో ఎలుకల గదికి పెద్ద జాన్ బాషా. జీతం చిన్నది, పెత్తనం పెద్దది. మేత, నీళ్లు, పెంట ఎత్తడం, కాన్పులు అన్నీ అతని చేతుల మీదే. పద్దెనిమిదేళ్లలో ఎవరి తప్పునూ మన్నించిన పాపాన పోలేదు.

అక్కడి ఎలుకలు మామూలువి కావు. ఒంటిమీద వెంట్రుక ఉండదు, ఒంట్లో రోగాన్ని తరిమే సత్తా ఉండదు. మనిషి కణితి ముక్కను చర్మం కింద పెడితే వద్దనే శక్తి లేక పెరగనిస్తాయి. ఆ కణితి మీద మందు పనిచేస్తుందో లేదో డాక్టర్లు చూస్తారు. చివరికి ఎలుక చస్తుంది. జాన్ బాషా దాని గురించి మాట్లాడడు. బతికినన్నాళ్లు దానికి లోటు రాకూడదంటాడు, అంతే.

మనకు తుమ్ముతో పోయే జబ్బు వాటిని తుడిచిపెట్టేస్తుంది. అందుకే మేతను కూడా ఆవిరి పట్టి పెడతారు. లోపలికి పోయే మనిషి స్నానం చేసి, అక్కడిచ్చే బట్టలు, టోపీ, మాస్కు, గ్లౌజులు వేసుకోవాలి. తలుపు మీద జాన్ బాషా స్వయంగా రాసి అంటించిన కాగితం ఉంది: ‘పౌడరు, సెంటు, మల్లెపూలు, వాసన నూనెలు పనికిరావు. తప్పినవారికి మూడు రోజులు ప్రవేశం లేదు.’ తప్పినవాళ్ల పేర్లకు ఒక పుస్తకం. అందులో డైరెక్టరు పేరు రెండుసార్లుంది. కొత్త డాక్టరు హేమశ్రీ పేరు ఒక్కసారీ లేదు. అందుకే ఆమె మీద అతనికి అనుమానం.

“తప్పు చేయని మనిషి ఉండడు. దొరకని మనిషి ఉంటాడు,” అనేవాడు.

హేమశ్రీకి ఒకే వారంలో పుట్టిన బోడి ఎలుకలు ఇరవై కావాలి. పదిహేను దొరికాయి. మిగిలిన ఐదూ గురువారం రాత్రి కాన్పులో పుట్టాయి. అవి దక్కకపోతే ఆ పదిహేనూ ముదిరిపోతాయి, పని మళ్లీ మొదటికొస్తుంది. బోడి తల్లికి పాలు సరిగా పడవు కాబట్టి బొచ్చున్న ఆడదాన్ని బోడి మగదానితో కలుపుతారు. పుట్టినప్పుడు పిల్లలన్నీ ఎర్రగా బోడిగానే ఉంటాయి. మీసాలున్నదానికి రేపు బొచ్చొస్తుంది, మీసాల్లేనిది బోడిగా మిగులుతుంది. ఆ తేడా జాన్ బాషా నిలబడే చెప్పేస్తాడు.

శుక్రవారం నమాజు నుంచి వచ్చి, స్నానం చేసి లోపలికెళ్లి, ఆ పెట్టె మూత తీసి వంగి చూశాడు. తొమ్మిది పిల్లలు. ఐదింటికి మీసాల్లేవు. తృప్తిగా మూత పెట్టాడు.

గంట తర్వాత చూస్తే గూడు చెల్లాచెదురైపోయింది. పిల్లలు పొట్టులో తలో దిక్కున చల్లబడుతున్నాయి. తల్లి మూలకు నక్కింది. ఒకదాన్ని అప్పుడే కొరికేసింది. మీసాలున్నది కావడం అల్లా దయ.

ఆ గంటా అవతలి అరల దగ్గర పని చేసుకుంటున్న హేమశ్రీ అప్పుడే ఇటొచ్చింది.

“ఏం సబ్బు వాడారు మేడమ్?”

“ఇక్కడ పెట్టిన వాసన లేని సబ్బే, బాషా గారూ.”

“తలకో?”

“అదే.”

“మరి తల్లెందుకు బెదిరింది? వాసన తగలందే బెదరదు. పుస్తకంలో మీ పేరెక్కే రోజొచ్చింది.”

హేమశ్రీ పిల్లల్ని ఏరి వేరే పెట్టెలోకి తీసింది. పిల్లల పెట్టె కింద వేడి నీళ్ల సంచి పెట్టింది. అతను పుస్తకం కోసం బయట కడుగుడు గదిలోకొచ్చి మాస్కు తీశాడు. అక్కడ నీళ్ల సీసాలు కడుగుతున్న ఖుర్షిదా ముక్కు ఎగబీల్చింది.

“ఏం మామూ, మసీదే నడిచొచ్చినట్టుంది?”

“ఏమన్నావు?”

“అత్తరు. చెవులెనక నుంచి గడ్డం దాకా గుప్పుమంటోంది.”

“స్నానం చేశాను.”

“అత్తరు నూనె మామూ. నీళ్లకు పోద్దా?”

“అత్తరు సెంటెట్లా అవుద్ది? మొన్ననే బావమరిది హజ్ నుంచి తెచ్చాడు.”

“ఎలుకకేం తెలుసు, హజ్ అత్తరని? గురివింద గింజ తన నలుపెరగదంట.”

జాన్ బాషా తలుపు మీది కాగితం మొదటిసారి చదువుతున్నట్టు చదివాడు. ఇవాళ నమాజుకు రాసుకున్న అత్తరు పేరు మాత్రం అందులో లేదు. మాస్కు లోపల ఎవరికీ తెలియలేదు, ఎలుకకు తప్ప. అలవాటుపడ్డ తన ముక్కుకు అసలే తెలియలేదు.

లోపలికి పోలేడు. పోతే ఇంకో తల్లి బెదురుతుంది. రెండు గదుల మధ్య ఉన్న కిటికీ అద్దం మీద వేలితో కొట్టాడు.

“మేడమ్, తప్పు నాది. ఇక నేను చెప్తాను, మీరు చేయండి.”

“చెప్పండి.”

“పై అరలో తెల్లది బుధవారం ఈనింది. ముందు దాన్ని వేరే పెట్టెలోకి తీయండి. దాని గూట్లో మురికి పొట్టు ఉంటుందే, దాంతో మన పిల్లల్ని తుడవండి. సుతారంగా. వీపు, పొట్ట. మా ఊళ్లో తల్లి చచ్చిన మేకపిల్లను ఇంకో మేక కిందికి ఇట్లాగే చేర్చేవాళ్లం. వాసన తనదైతే పిల్ల తనదే.”

“దాని సొంత పిల్లలో?”

“వాటితో కలిపేయండి. కలిపాకే తల్లిని వదలండి. మెల్లగా. మేడమ్, మెల్లగా అన్నాను.”

“మెల్లగానే చేస్తున్నా. మీరే అరుస్తున్నారు.”

తెల్ల తల్లి దిగింది. ఒక పిల్లను వాసన చూసింది. ఇంకోదాన్ని చూసింది. అద్దం ఇవతల ఖుర్షిదా చేతిలో సీసా అలాగే ఆగిపోయింది. తల్లి మీసాల్లేని పిల్లనొకదాన్ని నోట కరిచింది.

“తింటుందా?” అంది హేమశ్రీ.

జాన్ బాషా అద్దానికి ముఖం ఆనించాడు.

తల్లి దాన్ని గూట్లోకి మోసుకెళ్లి, మళ్లీ వచ్చి ఇంకోదాన్ని ఎత్తుకుంది. మొత్తం చేర్చాక మీద పడుకుంది.

“పని అయినట్టేనా?”

“ఇల్లలకగానే పండగ కాదు మేడమ్. పాలు తాగాలి.”

పుస్తకం తెరిచాడు. పేరు: జాన్ బాషా. తప్పు: అత్తరు. ప్రవేశం లేదు: మూడు రోజులు. తలుపు మీది కాగితంలో ‘సెంటు’ పక్కన ‘అత్తరు’ చేర్చాడు.

శనివారం ఉదయం ఖుర్షిదా పక్కన కూర్చుని సీసాలు కడుగుతున్నాడు.

“అడుగు తెల్లగా కనపడట్లేదు మామూ. మళ్లీ కడుగు.”

“నాకు నేర్పుతావా?”

“మూడు రోజులు ఇక్కడ పెద్ద నేనే.”

అద్దం మీద ఎవరో కొట్టారు. హేమశ్రీ మీసాల్లేని ఐదు పిల్లలను అరచేతిలో పెట్టుకుని చూపింది. పలచటి చర్మం కింద ప్రతి పొట్టలోనూ పాలు తెల్లగా, బియ్యపు గింజంత మేర కనబడుతున్నాయి.

జాన్ బాషా వేలితో చూపిస్తూ రెండుసార్లు లెక్కపెట్టాడు.

“సరే. ఎంతసేపు పట్టుకుంటారు? తల్లి దగ్గర పెట్టండి,” అని కసిరి, చేతిలోని సీసాను మళ్లీ మొదటి నుంచి కడిగాడు.