ఏ నరం?

గణేశ్వరరావు వంటింట్లో పీట వేసుకుని కూర్చుని పాత స్కూటర్ ట్యూబును కత్తెరతో కోస్తున్నాడు. ముందు అడ్డంగా ముక్కలు చేశాడు. తర్వాత నిలువునా చీల్చాడు. ఒక్కో పట్టీ మూరెడు పొడవు వచ్చింది. పట్టీ కొసను పళ్లతో పట్టుకుని లాగి చూశాడు. సాగింది. దాన్ని బుట్టలో వేసి ఇంకో ముక్క అందుకున్నాడు.

శ్రీలక్ష్మి పొయ్యి ముందునుంచి వెనక్కి తిరిగి చూసింది.

"ఏటండీ ఇది? రిటైరయ్యే రోజు ఎవలైనా కొత్త చొక్కా ఏసుకుంటారు. మీరు పంక్చర్ దుకాణం తెరిచారు."

"చెయ్యి ఇలా పెట్టు."

"పప్పు మాడిపోతాది."

"ఒక్క నిమిషం."

ఆమె గరిటె ఎడమ చేతిలోకి మార్చుకుని కుడిచెయ్యి చాపింది. అతను మోచేతికి పైన పట్టీ చుట్టి ముడి వేశాడు. కొంతసేపటికి ముంజేతి మీద నీలం గీతలు లేచాయి. గీతల మధ్య అక్కడక్కడా చిన్న ముడులు కనిపించాయి. అతను ఒక ముడి మీద వేలు పెట్టాడు.

"ఇదేంటి?"

"నస్."

"ఏ నస్?"

"పెళ్లయిన కాడినుంచి అడుగుతున్నారు ఈ ముక్క. నస్ అంటే నరం, నరమంటే నస్. ఇప్పండి బాబూ, తిమ్మిరెక్కుతోంది."

అతను ముడి విప్పుతూ నవ్వాడు. "ఇవాళ వందమందికి చెప్పాల్సింది ఇదే."

"వందమందికా? మీకు ప్రాక్టికల్సే గదా ఇస్తారు?"

"ఇవాళ హాలిచ్చారు. పెద్ద హాలు."

ఆ సంగతి రాత్రి చెప్పలేదు. చెబితే నిద్ర పట్టదని భయం. చెప్పకపోయినా పట్టలేదు. శ్రీలక్ష్మి గరిటె గిన్నె మీద పెట్టి అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత లోపలికి వెళ్లి, సాయంత్రం సభకని ఇస్త్రీ చేయించి ఉంచిన కొత్త చొక్కా తెచ్చి పీట పక్కన పెట్టింది.

"అయితే ఇది పొద్దున్నే ఏసుకోండి."

పోర్ట్ బ్లెయిర్ శివారు ఆస్టినాబాద్‌లో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక గణేశ్వరరావు సంచి ఒళ్లో పెట్టుకున్నాడు. సంచినిండా రబ్బరు పట్టీలు, మూడు రంగుల స్కెచ్ పెన్నుల పెట్టెలు. పాత ట్యూబులు హాడోలో పంక్చర్ షాపు నూకన్న ఇచ్చాడు. దేనికని అడిగాడు. పాఠానికని చెబితే, "డాక్టర్లకి కూడా పంక్చర్లు నేర్పిస్తన్నావేటి భయ్యా" అన్నాడు.

హాడోలోనే గణేశ్వరరావు పుట్టాడు. తండ్రి శ్రీకాకుళం వైపునుంచి ఓడలో వచ్చి వార్ఫులో మూటలు మోశాడు. ఇతనికి పదిహేడేళ్లప్పుడు ఒకరోజు ఆయన మూటతో సహా కూలిపోయాడు. ఆసుపత్రి వరండాలో తల్లి అసిరమ్మ వచ్చినవాళ్లకల్లా ఒకటే మాట చెప్పింది. "తలలో నరం చిట్లిపోనాది." మధ్యాహ్నానికి కుడిచెయ్యి లేవడం లేదని తెలిసింది. "చేతి నరం పడిపోనాది" అంది. సాయంత్రం సెలైన్ పెట్టడానికి వచ్చిన నర్సు సూదితో వెతికి వెతికి, "నస్ నహీ మిల్ రహా" అంది.

చిట్లింది నరం. పడిపోయింది నరం. దొరకనిది నరం. కుర్రవాడు తల్లిని అడిగాడు, "ఏ నరమమ్మా?"

"నరం నరమే రా. ఎన్నుంటాయేటి?"

ఆ ప్రశ్న పట్టుకునే అతను బీఎస్సీ చదివాడు. విశాఖపట్నంలో ఫిజియాలజీ ఎమ్మెస్సీ చేశాడు. తిరిగొచ్చి రంగత్ ఊరి స్కూల్లో చాలాకాలం జీవశాస్త్రం చెప్పాడు. పోర్ట్ బ్లెయిర్‌లో మెడికల్ కాలేజీ వచ్చాక అందులో ట్యూటరుగా చేరాడు. ట్యూటరంటే ప్రాక్టికల్స్ చేయించాలి. బీపీ చూడడం, నాడి లెక్కపెట్టడం, మోకాలి కింద సుత్తితో కొట్టడం నేర్పాలి. లెక్చర్లు డాక్టర్లు చెబుతారు. అందులో అన్యాయమేదీ లేదని అతనికి తెలుసు. అయినా ప్రతి ఏడూ రక్త ప్రసరణ పాఠం జరిగే రోజున ఏదో పని కల్పించుకుని ఆ హాలు ముందునుంచి నడిచేవాడు.

ఈ హాలు అతనికి దక్కడానికి కారణం ప్రమోద.

ప్రమోదది రంగత్. మొదటి ఏడు ఫిజియాలజీలో తప్పింది. మళ్లీ చదువుతోంది. క్రితం పరీక్షలో ఇంగ్లీషులో, నెర్వులలో కవాటాలుంటాయనీ అవి రక్తాన్ని వెనక్కి పోనివ్వవనీ రాసింది. ఆ పేపరు చూసి బయటినుంచి వచ్చిన పరీక్షకుడు నవ్వాడు. గణేశ్వరరావు నవ్వలేదు. ప్రాక్టికల్ రోజున ఆమెను పక్కకు పిలిచి మణికట్టు చూపించమన్నాడు.

"ఇక్కడ కొట్టుకునేదేంటమ్మా?"

"నస్, సార్."

"సూది పెట్టేది?"

"నస్."

"మోచెయ్యి గోడకి తగిలితే జిల్లుమనేది?"

"అదీ నస్సే గదా సార్." ఆమె గొంతు తగ్గింది. "ఇంగ్లీషులో మూడు పేర్లు బట్టీ పట్టాను సార్. పరీక్షలో కలిసిపోతాయి."

ఆ పూట మిగతావాళ్లనూ ఆరా తీశాడు. తెలుగువాళ్లకు నరం, హిందీవాళ్లకు నస్. పైన ఇంగ్లీషు పేర్లు మూడు, లోపల తాడు ఒకటే. ఆ మాట విభాగాధిపతి డాక్టర్ సుచరితకు చెప్పాడు. ఆమె విశాఖపట్నం నుంచి వచ్చి రెండేళ్లయింది. అంతా విని పెన్ను పక్కన పెట్టింది.

"ఒక గంట తీసుకోండి. మీ ఆఖరి రోజున నా క్లాసు మీది. నేను వెనక బెంచీలో కూర్చుంటాను. పని చేస్తే వచ్చే ఏడునుంచి ఈ పాఠం ఇలాగే చెబుదాం. పని చేయకపోతే మామూలుగా నా స్లైడ్లే. ఏమీ అనుకోకూడదు మరి."

"అనుకోను మేడమ్" అన్నాడు. అప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నాడు. తను పోయినా ఈ గంట ఇక్కడ ఉండాలి. అతనికి కావలసింది అంతే.

హాల్లోకి అడుగుపెట్టేసరికి అతని గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఆ వేగం ఎందుకో, ఏ గ్రంథి పనో అతనికి తెలుసు. తెలిసినా తగ్గలేదు. పట్టీలూ పెన్నులూ వరసల్లోకి పంపించాడు. ప్రొజెక్టరు ఆపేశాడు. పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి ముందుకు వంగారు.

"సిర అంటే ఏంటి?"

హాలు మొత్తం ఒక్క గొంతుతో ఇంగ్లీషులో నిర్వచనం అప్పజెప్పింది. రక్తాన్ని గుండె వైపు తీసుకెళ్లే నాళం.

"షాబాష్. ఇప్పుడు మోచేతి పైన ఈ ట్యూబు కడతాను. సిర ఎటు ఉబ్బుతుంది? కట్టుకి పైన భుజం వైపా, కింద వేళ్ల వైపా? ముందు చేతులెత్తండి. తర్వాతే కడతాను."

భుజం వైపు అంటూ సగానికి పైగా చేతులు లేచాయి. నోట్లో ఉన్న నిర్వచనం చేతిలోకి దిగలేదు. తను అనుకున్నది నిజమే.

"మీ పక్కవాళ్లతో పోట్లాడండి. ఏ భాషలోనైనా సరే."

హాలు చేపల బజారైంది. తెలుగు, హిందీ, బెంగాలీ, తమిళం లేచాయి. "అరే, గుండెనుంచే గదరా వస్తాది, పైనే ఆగుతాది" అని ఒకడు. "అది వచ్చేది, ఇది పోయేది, పాగల్" అని పక్కనున్న అమ్మాయి. ముందు వరసలో ఒకడు తన చెయ్యి తనే పట్టుకుని పిసుక్కుంటున్నాడు. గణేశ్వరరావు రెండు చేతులూ టేబుల్ మీద ఆనించి వింటున్నాడు. ఏ లెక్చరులోనూ ఈ హాలు ఇలా మోగగా అతను వినలేదు.

"చూద్దామా?"

కొత్త చొక్కా చేతులు మడిచాడు. తన పట్టీ తీశాడు. దాని మీద నూకన్న ఎప్పుడో వేసిన పంక్చర్ అతుకు ఉంది. జబ్బకు రెండు చుట్లు చుట్టి, ఒక కొస పళ్లతో పట్టుకుని బిగించాడు. చెయ్యి పైకెత్తి చూపించాడు.

ఏమీ లేవలేదు. పైన లేదు. కింద లేదు. చెయ్యి పాలిపోతోంది.

హాలు చూసింది. అతనూ చూశాడు. ఇంటి దగ్గర శ్రీలక్ష్మి చేతికి పప్పు మాడేలోపు లేచింది. వెనకనుంచి ఎవరో, "సార్‌కి నస్సే లేదు భాయ్" అన్నారు. నవ్వులు లేచాయి. చివరి బెంచీలో డాక్టర్ సుచరిత తల వంచుకుని ఉంది. ఉత్సాహంలో పట్టీ ఎంత బిగించాడో అప్పుడు తెలిసింది. విప్పి మళ్లీ కడదామని చెయ్యి ముడి దాకా వెళ్లింది. అక్కడ ఆగిపోయింది.

"తప్పు కట్టాను. ఏం తప్పు చేశాను? చెప్పేదాకా విప్పను. త్వరగా చెప్పండి, తిమ్మిరెక్కుతోంది."

నవ్వులు ఆగాయి. ముందు వరసవాడొకడు లేచి వచ్చి అతని మణికట్టు పట్టుకున్నాడు. వేళ్లు మార్చి మార్చి చూశాడు. "నాడి లేదు సార్."

"లేదు. అయితే?"

పక్క తలుపు దగ్గరనుంచి ఒక గొంతు వచ్చింది.

"జిర్కాటాంగ్ గేటే తెరవలేదు సార్."

ప్రమోద లేచి నిలబడింది. అందరూ తిరిగారు. ఆమె దుపట్టా కొస వేలికి చుట్టుకుంటోంది.

"మా రంగత్ బస్సు జిర్కాటాంగ్ గేటు కాడ ఆగుతాది గదా. గేటు తెరిస్తే బళ్లన్నీ వరసగా పోతాయి. అవతల మిడిల్ స్ట్రెయిట్‌లో సముద్రప్పాయ దాటించే ఫెర్రీ ఎక్కాలి. ఫెర్రీ ఒక్కటే ఆగిందనుకోండి, జెట్టీ కాడ లైన్ కట్టేస్తాది. లైన్ వేళ్ల వైపే కట్టాలి, ఎందుకంటే వచ్చినవి పోలేవు. మీరు గేటు కూడా మూసేశారు సార్. బళ్లే రాకపోతే లైనెక్కడిది?"

"గేటంటే ఏంటి?" అన్నాడు గణేశ్వరరావు.

"ధమని."

"ఫెర్రీ?"

"సిర." ఆమె ఆగింది. తన ముంజేతి వైపు చూసుకుంది. "రెండూ నస్ కాదు సార్. అంటే నస్సే, కానీ వేరు వేరు."

అతను ముడి విప్పి ఈసారి వదులుగా కట్టాడు. చెయ్యి మళ్లీ రంగెక్కింది. మోచేతి కింద, వేళ్ల వైపు, సిరలు లేచాయి. వాటి మీద ముడులు లేచాయి. హాలు వెనక వరసలనుంచి కిందికి దిగి అతని చుట్టూ మూగింది. ఒక వేలితో సిరను నొక్కి, ఇంకో వేలితో ముడి దాటేదాకా పైకి తుడిచాడు. తుడిచినంత మేర చదునైంది. పైనున్న రక్తం కిందికి రాలేదు.

"కవాటం" అన్నారు ఎవరో, మెల్లిగా.

ఆ తర్వాత అతను చెప్పింది తక్కువ. పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు కట్టుకున్నారు. సిర మీద నీలం గీత గీసుకున్నారు. మోచేతి వెనక లోపలివైపు గుంటలో వేలితో తట్టుకుని, చిటికెన వేలి దాకా జిల్లుమన్న దారిలో నల్ల గీత గీసుకున్నారు. అది నాడీ తంతువు, ఇంగ్లీషులో నెర్వు, దానిలో రక్తమూ లేదు, కవాటమూ లేదు. బొటనవేలూ చిటికెన వేలూ కలిపి మణికట్టు వంచితే మధ్యలో తాడులా లేచిన దాని మీద ఎర్ర గీత గీసుకున్నారు. జనం దాన్నీ నరమనే అంటారు, అది కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువు. ఒకడికి ఆ తాడు లేవలేదు. "సార్, నాది డ్యూటీలో లేదు" అన్నాడు. కొందరికి పుట్టుకతోనే ఉండదనీ, దానివల్ల నష్టం లేదనీ చెబితే వాడు చెయ్యెత్తి అందరికీ చూపించుకున్నాడు.

గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. అతను మొదటి ప్రశ్నే మళ్లీ అడిగాడు. వేళ్ల వైపు అన్నవాళ్లను చేతులెత్తమన్నాడు. మూడు రంగుల గీతలున్న చేతులు హాలంతా లేచాయి. ఎత్తనివాళ్ల కోసం వెతికాడు. ఒకడున్నాడు. వాడు పట్టీ ముడి విప్పుకోలేక పళ్లతో లాగుతున్నాడు.

పిల్లలు వెళ్లాక డాక్టర్ సుచరిత మెట్లు దిగి వచ్చింది. తెల్లకోటు చెయ్యి పైకి మడిచి ఉంది. ముంజేతి మీద నీలం, నలుపు, ఎరుపు గీతలున్నాయి. నల్ల గీత కాస్త వంకరగా ఉంది.

"ఒకటి అడుగుతాను. నిజం చెప్పాలి. మొదటిసారి కావాలనే గట్టిగా కట్టారా?"

అవునంటే ఎంత బాగుంటుందో అతనికి తెలుసు.

"లేదు మేడమ్. కంగారులో బిగించేశాను."

ఆమె టేబుల్ మీది పట్టీని తీసి సాగదీసి చూసింది. అతుకు మీద బొటనవేలు పెట్టి రుద్దింది.

"అయితే వచ్చే ఏడు నేను కావాలనే కడతాను" అంది. "ఇది నాకిచ్చి వెళ్లండి. గేటు, ఫెర్రీ అనే ముక్క మాత్రం ప్రమోద చేతే చెప్పిస్తాను."

గణేశ్వరరావు తలూపాడు.

సాయంత్రం విభాగంలో శాలువా కప్పారు. సమోసాలు, టీ వచ్చాయి. డీన్ రెండు మాటలు మాట్లాడాడు. గణేశ్వరరావు చొక్కా చేతులు దింపుకోవడం మరచిపోయాడు. ఫోటోల్లో అతని జబ్బ మీద ఎర్రగా కట్టు గుర్తు పడింది. మిగిలిన పట్టీల సంచి ల్యాబులో అప్పజెప్పి, బీరువా తాళం ఇచ్చేసి, శాలువా చంకలో పెట్టుకుని గేటు దాటాడు. బస్‌స్టాప్‌లో మొదటి ఏడు పిల్లలు నలుగురు చేతులు పక్కపక్కన పెట్టి, ఎవరి నీలం గీత తప్పో వాదించుకుంటున్నారు. అతన్ని చూడలేదు. అతను పిలవలేదు. ఆస్టినాబాద్ బస్సు వస్తే ఎక్కాడు.

లెక్చర్ హాల్లో బల్ల పక్కన పటాలు తగిలించే మేకుకు ఒక రబ్బరు పట్టీ వేలాడుతోంది. దాని మధ్య పంక్చర్ అతుకు ఉంది, ఒక కొసన పళ్ల గాట్లు ఉన్నాయి.