పిట్టలు తోలని గంట

నా సేన్లో నిలబడి నన్నే నోరు మూసుకోమన్నాడప్పా మా అక్క కొడుకు. ఇంకెవురన్నా అనింటే ఆడనే వడిసెల తిప్పి నెత్తికి తగిలేటట్ల రాయి ఇసిరిందును. అక్క కొడుకైపాయ, ఏం సేసేది?

మాది నందవరం పక్కన ఊరు. మూడెకరాల సేను. పోయిన ఏడు మూడెకరాల్లోనూ పత్తే ఏసి, రొట్టెకు జొన్నలు గూడా అంగట్లో తెచ్చుకుని తిన్నాం. సేను పెట్టుకుని జొన్నలు కొనుక్కునే బతుకు ఒక బతుకా? అందుకే ఈ ఏడు మా ఇంటాయన నాగప్పతో కొట్లాడి మరీ జొన్న ఏయించినా. పైరు గూడా నా మాట నిలబెట్టింది. కంకి కంకికీ పాలు పట్టింది. ఇంటికి ఏడాది పొడుగునా రొట్టెకు డోకా లేదు అనుకున్నా.

అయితే పాలకంకి అంటే పిట్టలకు పెండ్లి బోజనం. పొద్దు పొడిసినప్పటి నించి రెండు గంటలు, పొద్దు గుంకే ముందర రెండు గంటలు మంచె ఎక్కి అరిసి, డబ్బా కొట్టి, రాళ్లిసిరి తోలకపోతే గింజ మిగల్దు. పదైదు దినాలు కాస్తే గింజ గట్టిపడతాది, ఇంక భయం లేదు. అప్పటికి ఆరు దినాలు అయినాయి. నా గొంతు బొంగురుపోయి, ఇంట్లో ఉప్పు అందియ్యమని అడిగేకి గూడా సైగలు సేస్తాండా.

సరిగ్గా అట్లాంటప్పుడు దిగినాడు వంశీ. ఆదోనిలో పెండ్లి వీడియోలు తీసేవాడు. అది మానేసి, ఇప్పుడు జనాలు ఇంట్లో కూసొని టీవీలో పెట్టుకునే వీడియోలు తీస్తాండాడు. ఎమ్మిగనూరులో ఒక జిమ్ము మాస్టరును ఎగిరిచ్చి కసరత్తు వీడియో తీసినాడంట. భజన గుంపును కూసోబెట్టి పాటల వీడియో తీసినాడంట. వానను, కప్పలను, కాలువ నీళ్లను తీసింది ఇంకొక రకమంట.

"అవి మనశ్శాంతి వీడియోలు చిన్నమ్మా. సిటీల్లో జనాలకు నిద్ర పట్టదు. ఇవి గంటసేపు పెట్టుకుని కండ్లు మూసుకుంటారు."

"నిద్ర పట్టకపోతే నా ఎంబడి మంచె ఎక్కమను. మద్యాన్నానికి నిలబడే నిద్రపోతారు. కసరత్తు కావల్సినోళ్లను కలుపు తీసేకి పంపీ" అన్నా.

వాడు నవ్వలేదు. అసలు పిల్లోడు సన్నబడినాడు. సెప్పింది ఏందంటే, తెల్లారి పూట జొన్నసేన్లో పిట్టల పాటలు కావల్లంట. గంటసేపు తెగకుండా ఉండల్లంట. మద్యలో మనిషి గొంతు ఇనపడకూడదంట. పక్క సేన్ల అరుపులయితే దూరంగా ఉంటాయి గాబట్టి ఎనక కంప్యూటర్లో తీసేస్తాడంట.

"ఒరే, నా సేనికి పిట్టలు పాడేకి రావురా. తినేకి వస్తాయి" అన్నా.

"ఒక్క గంటే గదా చిన్నమ్మా!"

ఈలోపల మా అక్క శోభ ఫోను. "ఒక్క పూట ఓర్సుకో మల్లీ. మూన్నెల్ల నించి వాని వీడియో ఒకటీ నిలబడలేదు. ఈ ఒక్కటి బాగొస్తే వాడు మనిషయితాడు." అక్క అడిగినంక కాదని ఎట్లంటా? సరే, ఒక్క పూట అన్నా. ఆ మాట అన్న నోటిని అప్పుడే కుట్టుకోవల్సింది.

మొదటి దినం. తెల్లారకముందే వాడు మూడు కాళ్ల స్టాండు మింద కెమెరా పెట్టినాడు. కంకుల మద్యన మైకు కట్టినాడు. నన్ను, మా ఇంటాయనను గట్టు మింద కూసోబెట్టి, పెదాల మింద ఏలు పెట్టి సూపిచ్చినాడు. పొద్దు పొడిసింది. మొదట నాలుగు పిచ్చుకలు వచ్చినాయి. తిట్టేవాళ్లు ల్యాకపోయేసరికి ఇంకొక గుంపు, దాని ఎనక సిలకలు. కిచకిచ, కిచకిచ. వాడు కండ్లు మూసుకుని తల ఊపుతాండాడు, భజనలో కూసున్నట్ల. నాకేమో ఒక్కొక్క కిచకిచకు ఒక్కొక్క గింజ పోతాండేది కనిపిస్తాండాది. కొంగు నోట్లో కుక్కుకున్నా. పద్దెనిమిది నిమిషాలు. అప్పుడు మా ఇంటాయన జేబులో ఫోను మోగింది, గట్టిగా, దేవుని పాటతో. తీసి ఆపకుండా "ఆఁ, ఎవురు?" అన్నాడు మహానుబావుడు.

"చిన్నాయనా!" అని నెత్తి కొట్టుకున్నాడు వంశీ.

"ఉన్న పద్దెనిమిదే తిప్పి తిప్పి ఎయ్యిరా" అన్నా.

"జనాలు కనిపెడతారు చిన్నమ్మా. కామెంట్లలో తిడతారు. రేపు ఇంకొక్క పూట."

నేను తిట్టేది లెక్కలేదు గానీ, మొగమెరగనోళ్లు తిడితే భయమంట. మా ఇంటాయన తప్పు ఉండాది గదాని దానికీ సరే అన్నా.

రెండో దినం ఊరు ఊరంతా మూగదయిపోయింది. మా పడమటి పక్క సేను మాదన్నది. ఆ మనిషి గొంతు ఎట్లాంటిదంటే, ఆయన హోయ్ అంటే నా మంచె అదురుతాది. ఆ పొద్దు ఆయన గొంతు లేదు. తూర్పు పక్క శేషన్న డబ్బా సప్పుడూ లేదు. రోడ్డు మింద ఆటో వస్తాంటే మాదన్న ఎదురుపోయి, సెయ్యి అడ్డం పెట్టి, సప్పుడు సెయ్యకుండా తోసుకుని పొమ్మని పంపినాడంట. పైగా వంశీకి ఇంట్లోనించి స్టీలు గలాసులో టీ తెచ్చిచ్చినాడు! అయిదేండ్ల నించి గట్టు కాడ జానెడు మన్ను కోసం నాతో కొట్లాడే మనిషి, నా అక్క కొడుక్కు టీ తెచ్చిచ్చినాడప్పా. నాకు అప్పుడే అనుమానం రావల్ల. రాలేదు. మనుషుల్లో మంచి ఇంకా మిగిలుండాది అనుకున్నా, నా తెలివికి దండం పెట్టల్ల.

ఆ దినం వచ్చిన పిట్టలను నేను పుట్టినాక సూడలేదు. మబ్బు దిగినట్ల దిగినాయి. కంకులు బరువుకు వంగి లేస్తాండాయి. ఇరవై నిమిషాలు ఓర్సుకున్నా. ముప్పై ఓర్సుకున్నా. నలబై దాటినాక, నా కండ్ల ముందరే ఒక సిలక ముక్కుతో కంకిని తునక కొరికింది. కాలితో పట్టుకుని రెండు గింజలు తిన్నాది. మిగతాది కింద పారేసి ఇంకొక కంకి మింద వాలింది.

తింటే తిననీ, దానికీ కడుపుండాది. పారేసేదేందప్పా? ఎవురమ్మ సొమ్మని పారేసేది?

"హోయ్! నీ ముక్కు ఇరగ! హోయ్ హోయ్ హోయ్!"

పిట్టలన్నీ ఒక్క పెట్టున లేసినాయి. ఆ రెక్కల గాలి మొగానికి తగిలింది. వంశీ కెమెరా కాడ కూలబడినాడు.

"నలభై రెండు నిమిషాలు చిన్నమ్మా! ఇంక పద్దెనిమిది నిమిషాలు ఓర్చుకోలేకపోతివా?"

"నా నోటికాడ కూడురా అది!"

"రెండు కంకులు పోతే ఏమయితుంది?"

వాని తప్పు గాదు, వాడు ఆదోనిలో పుట్టినాడు, ఆదోనిలోనే పెరిగినాడు. అయినా సెంప పగలగొట్టాలనిపిచ్చింది. ఆ మాటకు మా ఇంటాయన గూడా తల పక్కకు తిప్పుకున్నాడు.

అంతలో మాదన్న వచ్చినాడు, పంచాయితీ పెద్ద మాదిరి సేతులు ఎనక కట్టుకుని. "పోనీలే మల్లేశ్వరీ, సిన్న పిల్లోడు. వాని బతుకు తెరువు. రేపొక పూట, కుదరకపోతే ఎల్లుండొక పూట. కొంచెం సాంతం నేర్సుకో. నీకు ఊరికే కోపం" అన్నాడు.

సాంతమంట! ఆయన మరిసిపోయిన టీ గలాసు గట్టు మింద ఉంటే, దాన్ని ఇచ్చి రెండు మాటలు అడిగొద్దామని ఎనకాలే ఆయన సేన్లోకి పోయినా.

పోయి సూస్తే ఏముండాది? మాదన్న పెండ్లాము మంచె మింద దుప్పటి కప్పుకుని, ఆవులిస్తా, బియ్యంలో రాళ్లు ఏరుకుంటాండాది. సేన్లో ఒక్క పిట్ట లేదు. కంకులు పొద్దున కడిగి నిలబెట్టినట్ల నిండుగా ఉండాయి. వడిసెల గుంజకు తగిలిచ్చి ఉండాది, రెండు దినాల నించి దాన్ని ముట్టినట్లే లేదు. గట్టెక్కి తూర్పు దిక్కు శేషన్న సేను సూసినా. ఆడా అంతే.

అప్పుడు ఎలిగింది నాకు. రోజూ మూడు సేన్లలో అరుపులుంటే పిట్ట ఏ సేన్లోనూ నిలబడదు. ఒక సేను మూగదయితే, ఊర్లో పిట్టంతా ఆడికే వస్తాది, ఒక దినం ఆడ రుసి మరిగినంక పక్క సేన్లు మూగవయినా ఆ సోటు ఇడిసిపోదు. మా మూడెకరాలు ఊరందరి పిట్టలకూ అన్నం గిన్నె అయినాయి. ఈ మాదన్న టీ తెచ్చింది, ఆటో ఆపింది, సాంతం నేర్పింది, అంతా అందుకే!

"మాదన్నా, నీ పిట్టలు యాడికి పోయినాయి?"

"ఏమో అమ్మా, దేవుని దయ."

"దేవుని దయ గాదు, నా ఇంటి రొట్టెలు! నీకు సిగ్గు శరం ఉండాదా? ఆడదాని సేను మేపి నీ గింజ కాపాడుకుంటావా?"

"నేను పిట్టలకు సీటీ రాసి పంపినానా? యాడ తిండి మరిగితే ఆడికి పోతాయి. పిల్లోనికి సాయం సేస్తే అదీ తప్పేనా?"

"సాయమే గదా. అయితే రేపు నీ సేన్లో తీసుకుంటాడు. నేను, శేషన్న అరుస్తాం. నువ్వు సాంతంగా కూసో."

మాదన్న మొగం సూడల్ల. "మా సేన్లో ఎలుతురు బాగుండదేమో" అన్నాడు. ఎలుతురంట! పుట్టి కెమెరా ముట్టనోడు! అప్పటికి ఊర్లోవాళ్లు నలుగురు గట్టు కాడికి వచ్చి ఇంటాండారు, ఆయనకు సరే అనక తప్పలేదు.

మూడో దినం వంశీ ఆయన సేన్లో కెమెరా పెట్టినాడు. నేను పొద్దు పొడిసేకి ముందే మొదలుపెట్టినా, రెండు దినాల అరుపు ఒకేసారి అరిసినా. పిట్టలు పడమటికి తిరిగినాయి. నేను నవ్వలేదు, ఒట్టు. ఏడు నిమిషాలంట. ఏడో నిమిషానికి మాదన్న హోయ్ అన్న అరుపుకు వాని మైకు పలగలేదంటే అది బాగా సేసినోళ్ల పుణ్యం. వంశీ అన్నీ మూట కట్టుకుని, నాకు సెప్పకుండా బండెక్కి పోయినాడు.

ఆ సాయంత్రం మా ఇంటాయన మా సేన్లో పడమటి పక్కంతా నడిసి వచ్చి, నాలుగు కంకులు నా ముందర పెట్టినాడు. పట్టుకుంటే పొట్టు రాలింది, లోపల గింజ లేదు.

"ఈ పక్క రొట్టెకు లేదు మల్లీ. సొప్ప కోసుకోవల్ల, అంతే."

"ఎంత పోయుంటాది?"

"మూన్నెల్ల తిండి."

ఏడ్సినా. ఎందుకు దాసేది? మాదన్నను తిట్టి, వంశీని తిట్టి, అక్కను తిట్టి, ఆఖరికి నన్ను నేను తిట్టుకుని ఏడ్సినా. సరే అన్నది నేనే గదా. అక్క మొగం సూసి నా ఇంటి రొట్టె నేనే పంచిపెట్టినా. మిగిలిన దినాలు మంచె దిగితే ఒట్టు. మిగిలింది మిగిలిచ్చుకున్నాం.

కోతలయి, నూర్పులయి, నేను ఇంటి ముందర జొన్నలు సెరుగుతాంటే వంశీ వచ్చినాడు. మొగంలో కళ వచ్చింది, కొత్త సొక్కా. నా పక్కన గొంతుక్కూర్సుని ఫోను సూపిచ్చినాడు. "ఇదో చిన్నమ్మా, నీ చేను. రెండో రోజుది ముందర పెట్టి, మొదటి రోజుది ఎనక అతికించినా. వెలుతురు కొంచెం సరిచేసినా. సరిగ్గా గంట. లక్ష మంది చూసినారు."

బాగుంది. ఎందుకు అబద్దం సెప్పేది? మంచు మింద ఎలుగు పడి, కంకులు ఊగుతా, ఆ కిచకిచలు. నా సేను అంత అందంగా ఉంటాదని నాకే తెలీదు. జనాలు రాసింది సదివి ఇనిపిచ్చినాడు. ఎంత ప్రశాంతం అని ఒకరు. మా పాప రోజూ ఇది పెడితేనే నిద్రపోతాదని ఒకరు. ఇట్లాంటి సోట బతికేవాళ్లు ఎంత అదృష్టవంతులో అని ఇంకొకరు.

"నేను అరిసింది యాడుండాది?"

"తీసేసినా. అదొక్కటే అడ్డం."

సేట పక్కన పెట్టి, ఫోను సేతిలోకి తీసుకున్నా. నలబయ్యో నిమిషం కాడికి జరపమన్నా. సూస్తాంటే అదే సిలక వచ్చింది. కంకి కొరికింది, రెండు గింజలు తిన్నాది, పారేసింది. ఇప్పుడు నేను అరవల్ల. అరవలేదు. సిలక ఇంకొక కంకి మింద వాలింది. దాని పక్కన ఇంకొకటి వాలింది. వాటిని తోలేవాళ్లు ఆ ఫోన్లో ఎవురూ లేరు. ఎవురు పెట్టుకుంటే వాళ్ల ఇంట్లో, ఎన్నిసార్లు పెట్టుకుంటే అన్నిసార్లు, నా జొన్నలు తింటానే ఉంటాయి.

"హోయ్!" అని అరిసినా, బలం కొద్దీ.

వాకిట్లో కోళ్లు సెదిరిపోయినాయి. వంశీ ఉలిక్కిపడి ఎనక్కి పడినాడు.

"చిన్నమ్మా! అది వీడియో!"

"నాకు తెలీదా? తెలుసు" అని ఇంకొకసారి అరిసినా. సిలక తల గూడా ఎత్తలేదు.