హేమ క్యాసెట్

నాకు దయ్యాలంటే భయం లేదు. నకిలీ క్యాసెట్లంటేనే భయం. రేణిగుంట రోడ్డులోని మా కొట్టుకు వచ్చేవాళ్లంతా అటక మీద దొరికిన పాత చేతి వీడియో గేములు తెచ్చి, నిధి దొరికినట్టు నా మొహంలోకి చూస్తారు. ముప్పాతిక వంతు చైనా సరుకే. ఆ మాట చెబితే, వాళ్ల ఆస్తి నేనేదో కాజేసినట్టు మూతి ముడుచుకుని వెళ్తారు. అందుకే ముందు నోరు విప్పను. సెట్టులో దూర్చే ఆట క్యాసెట్‌ను వెలుతురులో పెట్టి చూస్తాను.

రూపశ్రీ వచ్చింది ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం. రేణిగుంటలో ఒక గోడౌన్‌లో పని చేస్తుందట, సొంతూరు చిత్తూరు. బూడిదరంగు గేము సెట్టును రెండు చేతులా పట్టుకుని, పసిబిడ్డను దించినట్టు బల్ల మీద పెట్టింది.

"లోహితక్కా, నీ వీడియో సూసినాను. ఈ క్యాసెట్ల లోపలుండే బ్యాటరీ ఇరవై ఏండ్లకు సచ్చిపోతాదని, దాన్ని మారిస్తే ఆడిందంతా చెరిగిపోతాదని చెప్పినావే. చెరిగిపోకుండా మార్చేదానికి ఔతాదా?"

"ఔతాదిలేమ్మా. ముందు సరుకు సూడనీ."

చూశాను. క్యాసెట్ మీది బొమ్మ కాగితం మెరుపు తగ్గలేదు, అంచులు చిరగలేదు, వెనక అచ్చుపోసిన అక్షరాలు నిక్కచ్చిగా ఉన్నాయి. అసలు సరుకే. వాళ్ల మేనమామ కువైట్ నుంచి తెచ్చాడట. కానీ వెనక బిగించిన మర చుట్టూ సన్నగా గీతలు. ఎవరో ఒకసారి విప్పారు. సేకరించేవాళ్లు ఆ గీతల్ని సంబంధాల్లో జాతకదోషం చూసినట్టు చూస్తారు. సగం ధర అక్కడే పోతుంది.

ఆ మాటే చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అమ్మేదానికి కాదక్కా. ఇది మా చెల్లెలిది. హేమశ్రీ అని. ఎనిమిదేండ్లప్పుడు పోయింది."

సెట్టు ఆన్ చేసింది. టోపీ పెట్టుకున్న చిన్నపిల్ల ఇంటి నుంచి సంచీ తగిలించుకుని బయలుదేరి ఊళ్లు తిరిగే ఆట అది. ఆడేవాళ్లు తమ పేరే ఆ పిల్లకు పెట్టుకుంటారు. ఆగిన చోటి నుంచి మొదలుపెట్టమంటే, హేమ అన్న పేరు వచ్చింది, తర్వాత ఆ పిల్ల వచ్చింది. మనకు వీపు చూపిస్తూ, ఆట మొదలయ్యే ఆ ఇంటి తలుపు ముందు నిలబడి ఉంది. గోడకు గుద్దుకుంటే ఈ ఆటల్లో ఒక శబ్దం వస్తుంది. డబ్. కాసేపు ఆగి, మళ్లీ డబ్. బటన్ల మీద ఎవరి వేలూ లేదు.

"బటన్ ఇరుక్కోనుండాది," అన్నాను.

స్పిరిట్‌తో తుడిచాను. మారలేదు. క్యాసెట్ తీసి నా సొంత సెట్టులో పెట్టాను. డబ్. డబ్.

రూపశ్రీకి ఆశ్చర్యమేమీ లేదు. "ఏటా హేమ పోయిన దినాన ఒకసారి పెట్టి సూస్తానక్కా. మొదట్లో ఊరి బయటుండె. ఇంగో ఏడు అడవిలో. ఇంగో ఏడు సముద్రం కాడ. నేను ఒక్క బటనూ నొక్కలా, ఒట్టు. ఈ ఏడు సూస్తే తిరుక్కోని ఇంటికొచ్చేసింది. తలుపు కొడతానే ఉండాది, తెరుసుకోలా. ఇప్పుడు గాని ఆ బ్యాటరీ పోయిందంటే నా చెల్లెలు బయటే నిలబడిపోతాదక్కా."

ఇలాంటి మాటలు విన్నప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజు మాత్రం మండలేదు, జాలేసింది. పని చేసి పంపిద్దాం, మనకెందుకు అనుకున్నాను.

పద్ధతి తేలికే. క్యాసెట్‌లో దాచిన ఆటను ముందు కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి, బ్యాటరీ మార్చాక తిరిగి దింపాలి. ఎక్కించాను. ఆ చివర నుంచి ఈ చివరదాకా ఖాళీ. పేరు లేదు, ఇల్లు లేదు, పిల్ల లేదు. నా పరికరమే చెడిందేమోనని ఇంకో క్యాసెట్ పెట్టి చూశాను. అది బాగానే వచ్చింది. ఫ్యాను కింద కూర్చున్నదాన్ని, వీపంతా చెమట పట్టింది.

మర విప్పాను. బ్యాటరీ చచ్చిపోవడం కాదు, అసలు లేనే లేదు. అది ఉండాల్సిన చోట చిన్న దూది ఉండ. దూదిలో చిన్నపిల్లల ఎర్రరాయి కమ్మ ఒకటి.

రూపశ్రీ స్టూలు మీద కూలబడింది. 

"హేమకు మెదడువాపు జొరం వచ్చినప్పుడు, తగ్గితే కొండకొచ్చి నిలువుదోపిడీ ఇస్తామని అమ్మ మొక్కుకోనుండె. ఒంటిమీద ఏముంటే అదంతా హుండీలో ఎయ్యల్ల గదా. జొరం తగ్గింది, పోయినాము. కమ్మలు ఇయ్యనని హేమ ఒకటే ఏడుపు. నాయన వాచీలు రిపేరీ చేసేవాడు. ఆ పొద్దు సత్రంలో మర తిప్పేది తీసుకోని ఈ క్యాసెట్ ముందర కూసోనుండె. ఏంది నాయనా అంటే, బాగుచేస్తాండా అన్న్యాడు. హుండీ కాడికి పోయి సూస్తే ఒక సెవికే కమ్మ ఉండాది. ఇంగోటి జనంలో పడిపోయిందన్న్యాడు. అమ్మ నమ్మింది."

"కొండ దిగినాక?"

"నెల తిరక్కుండానే జొరం మళ్లీ వచ్చింది. ఈతూరి బతకలా. నాయన ఉన్నన్నాళ్లూ ఈ క్యాసెట్ పక్కే సూసేవాడు కాదు. ఎందుకో మాకు తెలీలా. పోయినేడు ఆయనా పోయినాడు."

బిడ్డ ఏడుపు చూడలేక చేసిన పని. ఆ మనిషిని తిట్టడానికి నాకు నోరు రాలేదు.

ఏమీ లేని క్యాసెట్‌ను అలాగే బిగించి సెట్టులో పెట్టాను. ఇప్పుడైనా ఆగుతుందేమోనని ఆశ. ఆగలేదు. పిల్ల అక్కడే ఉంది. డబ్.

"ఈ కమ్మ కొండకు చేరల్ల," అంది రూపశ్రీ. కానీ లేవలేదు.

ఉన్నమాట చెప్పేశాను. "రూపా, ఇది ఇచ్చేస్తే ఆ పిల్ల లోపలికి పోతాదేమో. పోతే నీకు మళ్లీ కనబడదు. ఆలోచించుకో."

ఆమె తెర మీద ఆ చిన్న వీపును బొటనవేలితో నిమిరింది. "ఏడాదికొక తూరైనా సూస్తా ఉంటినే అక్కా. నాకు అదొక్కటే మిగిలుండాది," అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు మధ్యలో కూడా డబ్ డబ్ వినిపిస్తూనే ఉంది. అదే ఆమెను లేపింది. కళ్లు తుడుచుకుని, కమ్మను కొంగున ముడేసుకుంది.

"ఎంత కాలమని దాన్ని బయట నిలబెడతాము. నువ్వు మాత్రం దీన్ని ఆపొద్దక్కా. ఆన్‌లోనే పెట్టుండు."

అలిపిరి బస్సు కోసం ఆమె రోడ్డు వెంట నడిచి వెళ్తుంటే గుమ్మంలో నిలబడి చూశాను. ఎడమచేతిని ఒంటికి కొంచెం ఎడంగా, కిందికి చాచి నడుస్తోంది. పక్కన ఎవరూ లేరు.

సెట్టును ఆపకుండా కరెంటుకు తగిలించి బల్ల మీద పెట్టుకున్నాను. మర్నాటికి ఆ చప్పుడు భరించలేక సౌండు మొత్తం తగ్గించేశాను. అయినా వినిపిస్తోంది. నా చెవుల భ్రమ అనుకుందామంటే, పాత గేములు అమ్మడానికి వచ్చిన ఒకాయన మాట మధ్యలో ఆపి, "ఎవురో తలుపు కొడతాండారు, సూడమ్మా," అన్నాడు. మా కొట్టుకు ఉన్నది షట్టరు. అది పైకెత్తే ఉంది.

ఆయన వెళ్లిన కాసేపటికి చప్పుడు ఆగింది. తెర వైపు చూశాను. తలుపు తెరుచుకుని ఉంది. ఆ పిల్ల ఒక్కసారి ఇటు తిరిగింది. కళ్ల స్థానంలో రెండు చుక్కలు, అంతే, కానీ అవి నన్నే చూశాయి.  తర్వాత లోపలికి నడిచి, మెట్లెక్కి, మంచం దాకా వెళ్లి దుప్పటి కిందకి దూరింది. తెర ఆరిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే 'కొత్త ఆట' ఒక్కటే ఉంది. హేమ పేరు లేదు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. రూపశ్రీకి ఫోను చేస్తే స్విచ్చాఫ్, ఇంకా కొండ మీదే ఉన్నట్టుంది. ఎలా చెప్పాలా అని రాత్రంతా మాటలు కూడగట్టుకున్నాను.

పొద్దున్నే వచ్చింది. గుండు చేయించుకుని, గంధం పూసుకుని ఉంది. సెట్టును ఆమె ముందుకు జరిపాను. దాన్ని ముట్టుకోలేదు, తెర వైపైనా చూడలేదు.

"పండుకునిందా అక్కా?" అంది.

 "నీకెట్ల తెలుసు?"

రూపశ్రీ తన ఎడమచేతిని బల్ల మీద తెరిచి పెట్టి, దాని వైపే చూస్తూ చెప్పింది.

"ఈణ్ణించి బయల్దేరినప్పట్నుంచి నా వేలు పట్టుకోనుండె. నేను పక్కకు తిరిగి సూల్లేదు, సూస్తే పోతాదేమోనని. కమ్మ హుండీలో ఏసినాను. రోంత సేపుండి, వదిలింది. నిద్రపోయేటప్పుడు పిల్లోళ్లు వదల్తారే, అట్ల."